సదరం పత్రంలో లేని పాఠం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల స్త్రీ, శిశు సంక్షేమ శాఖల మంత్రివర్యులకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మేధో వైకల్యమో, ఆటిజమో, సెరిబ్రల్ పాల్సీయో ఉన్న బిడ్డ కోసం ప్రభుత్వ యంత్రాంగం చేసే పనుల్లో కాస్త పకడ్బందీగా జరిగేది వైకల్యాన్ని కొలవడం. సదరం శిబిరంలో వైద్యులు బిడ్డను పరీక్షించి శాతం నిర్ణయిస్తారు, ఆ శాతం ధ్రువపత్రంలోకి ఎక్కుతుంది, దాని ఆధారంగా పింఛను, బస్సు పాసు, ఇతర రాయితీలు అందుతాయి. ఇవి తీసిపారేయదగినవి కావు. పింఛను డబ్బుతోనే నెల గడిచే ఇళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. అయితే ఆ పత్రం పట్టుకుని ఇల్లు చేరిన తల్లికి, అదే సాయంత్రం బిడ్డ తల గోడకేసి కొట్టుకుంటుంటే ఏం చేయాలో, అంతకంటే ముందు ఏం గమనించాలో నేర్పే బాధ్యత ఎవరిదో మాత్రం ఎవరూ చెప్పరు. ఈ లేఖ ఆ ఖాళీని గురించినది.

ఎదిగే వయసులోనే మొదలై మాట, ఆలోచన, కదలిక, నలుగురితో మెలగడం వంటి వాటిలో ఒకటో అంతకంటే ఎక్కువో జీవితాంతం ఇబ్బంది పెట్టే స్థితులను వికాస వైకల్యాలు అంటారు. ఒకప్పుడు బుద్ధిమాంద్యం అని పిలిచి ఇప్పుడు మేధో వైకల్యం అంటున్నదీ, ఆటిజమూ ఇందులోనివే. సంరక్షకులు అన్న మాటకు ఈ లేఖలో అర్థం తల్లి ఒక్కతే కాదు. తండ్రి, నాయనమ్మ, అమ్మమ్మ, బిడ్డను చూసుకునే అక్క, పనికి పోయేటప్పుడు తల్లి బిడ్డను అప్పగించే పక్కింటి ముసలమ్మ, అంగన్‌వాడీ టీచరు, ఆయా, వసతిగృహపు వార్డెన్, వీరందరూ అందులోకే వస్తారు. ఇక సమస్యాత్మక ప్రవర్తన అంటే బిడ్డకో, పక్కవారికో దెబ్బ తగిలేలా, లేదా బిడ్డ నేర్చుకోవడానికీ నలుగురిలో కలవడానికీ అడ్డం పడేలా పదేపదే జరిగే చేష్ట. కొరకడం, కొట్టుకోవడం, వస్తువులు విసరడం, గంటల తరబడి కేకలు, ఇల్లు వదిలి రోడ్డు మీదికి పరుగెత్తడం అటువంటివి.

ఇది ఏ కొద్ది ఇళ్లకో పరిమితమైన కష్టం కాదు. పాల్వాల్, కాంగ్రా, ఢెంకనాల్, ఉత్తర గోవాలతోపాటు హైదరాబాద్‌ను కూడా కలుపుకుని, 2 నుంచి 9 ఏళ్ల వయసున్న దాదాపు 4,000 మంది పిల్లలను పరీక్షించిన అధ్యయనం 2018లో వెలువడింది. వినికిడి లోపం, మూర్ఛ, చదువులో వెనుకబాటు వంటివి కూడా లెక్కలోకి తీసుకున్న ఆ అధ్యయనంలో సుమారు ఎనిమిది మంది పిల్లల్లో ఒకరికి నాడీ వికాసానికి సంబంధించిన ఏదో ఒక ఇబ్బంది ఉన్నట్టు తేలింది. అందరికీ ప్రవర్తన సమస్యలు ఉండవు; అయితే మాట రాని పిల్లల్లో, అవసరం చెప్పుకోలేని పిల్లల్లో అవి ఎక్కువన్నది ఈ రంగంలో పనిచేసే వారందరికీ అనుభవమే.

ఇటువంటి ప్రవర్తనకు ఊళ్లో సిద్ధంగా ఉండే పేర్లు కొన్ని ఉన్నాయి: మొండితనం, వేషాలు, గారాబం, దిష్టి. వాటికి తగ్గట్టే చికిత్సలూ సిద్ధంగా ఉంటాయి. ఒకరు రెండు దెబ్బలు వేయమంటారు, ఒకరు తాయెత్తు కట్టిస్తారు, ఒకరు ఫోన్ చేతిలో పెట్టి పడుకోబెట్టమంటారు, అన్నిటికీ చివర ‘తల్లి పెంపకం’ అన్న తీర్పు ఉండనే ఉంటుంది. తల్లి మీద తీర్పు చెప్పడం చదువులేని వారి అలవాటని అనుకోనక్కర్లేదు. 1943లో లియో కానర్ ఆటిజాన్ని వర్ణించిన తరువాత దశాబ్దాల పాటు అమెరికాలో పెద్ద పెద్ద నిపుణులే ఆ స్థితికి తల్లుల నిరాదరణ కారణమన్నారు. బ్రూనో బెటల్‌హైమ్ ఆ వాదానికి పుస్తకాల ద్వారా ప్రచారం కల్పించాడు. తానే ఒక ఆటిస్టిక్ బిడ్డకు తండ్రి అయిన మనస్తత్వ శాస్త్రవేత్త బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో ఆ వాదాన్ని ఆధారాలతో కొట్టిపారేసిన తరువాతే అది క్రమంగా బలహీనపడింది. అక్కడ శాస్త్రం ఆ మాటను వెనక్కి తీసుకుంది. మన వీధుల్లో ఇంకా తీసుకోలేదు.

శాస్త్రం ఆ తరువాత అడిగిన ప్రశ్న వేరు. బిడ్డ ఇలా ఎందుకు పుట్టాడన్నది పక్కనపెట్టి, ఈ చేష్ట వల్ల ఈ బిడ్డకు ఈ క్షణంలో ఏం దక్కుతోందని అది అడిగింది. 1982లో బ్రయాన్ ఇవాటా, ఆయన సహచరులు తమను తాము గాయపరచుకునే పిల్లలను వేర్వేరు పరిస్థితుల్లో ఉంచి, ఏ పరిస్థితిలో ఆ చేష్ట పెరుగుతోందో, ఎందులో తగ్గుతోందో లెక్కగట్టారు. చూడటానికి ఒకేలా ఉన్న చేష్ట ఒక బిడ్డలో పెద్దల దృష్టి కోసం, ఇంకొక బిడ్డలో కష్టమైన పని తప్పించుకోవడం కోసం, మరొక బిడ్డలో ఎవరూ లేనప్పుడు కూడా తనలో తాను పొందే ఏదో స్పర్శ కోసం జరుగుతున్నట్టు తేలింది. కావలసిన వస్తువు దక్కించుకోవడాన్ని కూడా కలుపుకుంటే స్థూలంగా నాలుగు ప్రయోజనాలు లెక్కకు వస్తాయి: దృష్టి, తప్పించుకోవడం, వస్తువు, ఇంద్రియానుభూతి. ప్రవర్తనకు ముందు ఏం జరిగింది, ప్రవర్తన ఏమిటి, వెంటనే తరువాత ఏం జరిగింది అన్న మూడింటినీ కలిపి చూసి ఆ ప్రయోజనాన్ని పసిగట్టడాన్ని ప్రవర్తన అంచనా అంటారు. సంరక్షకులకు నేర్పవలసిన మొదటి పాఠం ఇదే. బిడ్డను ‘దారిలో పెట్టడం’ అన్నది దాని తరువాతి మాట.

నిజామాబాద్ వైపు బీడీలు చుట్టి బతికే ఒక ఇంటిని ఊహించి చూడవచ్చు. తల్లి ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు. లెక్క వెయ్యికి, కూలీ లెక్కకు. ఆమె చేతులు ఆగితే కూలీ ఆగుతుంది గనుక మూడు గంటలపాటు తల ఎత్తదు. మాటలు రాని ఆరేళ్ల కొడుకు కాసేపు గుమ్మం దగ్గర తిరిగి, వచ్చి ఆమె చీర కొంగు లాగి, ఆమె చూడకపోయేసరికి నుదురు గడపకేసి కొట్టుకుంటాడు. అప్పుడు చాట పక్కకు వెళుతుంది, బిడ్డ ఒళ్లోకి వస్తాడు, నుదురు నిమరడం, ముద్దాడటం, బుజ్జగించడం జరుగుతాయి. తల్లి చేసినదాంట్లో తప్పు లేదు. రక్తం కారుతున్న బిడ్డను ఎత్తుకోని తల్లి ఎక్కడుంటుంది? కానీ ఆ ఇంట్లో కొంగు లాగితే దొరకనిది గడపకు కొట్టుకుంటే దొరుకుతోందన్న సంగతిని బిడ్డ తల్లికంటే ముందే కనిపెట్టాడు. పరిష్కారం కూడా ఆ సంగతిలోనే ఉంది. కొంగు లాగినప్పుడే, దెబ్బ తగలకముందే, అర నిమిషం పాటు తల తిప్పి పలకరించాలి. పని మొదలుపెట్టేముందు బిడ్డతో కాసేపు కూర్చోవాలి. నూరో, యాభయ్యో చుట్టిన తరువాత తప్పకుండా ఒకసారి దగ్గరకు తీసుకోవాలి. కూలీ పోతుందన్న భయం న్యాయమైనదే అయినా, గడపకు కొట్టుకున్న ప్రతిసారీ పోయే సమయం ఇంతకంటే ఎక్కువ.

అదే బిడ్డ బడిలో పలక ఇవ్వగానే మణికట్టు కొరుక్కుంటాడనుకుంటే, టీచరు భయపడి పలక తీసేసి వంటగది దగ్గర ఆయా పక్కన కూర్చోబెడుతుంది. ఇంట్లో దృష్టి కోసం జరిగిన చేష్టకు బడిలో ప్రయోజనం మారిపోయింది. ఇక్కడ కొరకడం చదువు నుంచి బయటపడే దారి. ఇంటి మందును బడిలో వాడి, కొరికినప్పుడు ‘పట్టించుకోకండి’ అని చెప్పి టీచరు దూరంగా నిలబడితే బిడ్డకు కావలసింది దొరికినట్టే అవుతుంది. బడిలో చేయవలసింది పలక మీద పది అక్షరాలకు బదులు ఒక్క గీత అడగడం, అది గీయగానే విరామం ఇవ్వడం, విరామం కావాలని అడిగేందుకు ఒక బొమ్మ కార్డు చేతికివ్వడం. ‘కొరికితే ఏం చేయాలి’ అన్న ప్రశ్నకు ఒకే జవాబు ఉండదని, ఎందుకు కొరుకుతున్నాడో తెలియకుండా సలహా ఇచ్చేవారిని నమ్మకూడదని సంరక్షకులకు చెప్పగలిగితే, వాట్సాప్‌లో తిరిగే చిట్కాల్లో సగం అక్కడితో పనికిరాకుండా పోతాయి.

ఈ నాలుగు ప్రయోజనాల వెతుకులాటకంటే ముందు చేయవలసినది ఒకటి ఉంది. ఇన్నాళ్లూ లేని చేష్ట ఉన్నట్టుండి మొదలైతే మొదట శరీరాన్ని చూడాలి. చెవిలో చీము, పుచ్చిన పన్ను, మలబద్ధకం, కడుపులో మంట, నిద్రలేమి, మూర్ఛ మందుల మార్పు, ఎదిగిన ఆడపిల్లల్లో నెలసరి నొప్పి, ఇవన్నీ నోరులేని పిల్లల్లో తల బాదుకోవడంగానో, కొరకడంగానో బయటపడగలవు. పంటి నొప్పితో చెంప మీద కొట్టుకునే బిడ్డకు నక్షత్రాల చార్టు పెట్టి మంచి ప్రవర్తనకు బహుమతులిచ్చే అమాయకత్వం నిపుణుల్లోనూ లేకపోలేదు.

అంచనాకు కావలసిన పరికరం ఖరీదైనది కాదు, అరఠావు నోటుబుక్కు చాలు. ఒక పేజీని నాలుగు నిలువు గళ్లుగా విడగొట్టి ఎప్పుడు, ముందు ఏం జరిగింది, బిడ్డ ఏం చేశాడు, తరువాత మనమేం చేశాం అని రాసుకోవాలి. మూడో గడిలో ‘మొండి చేశాడు’ అని రాస్తే అది రాతగా పనికిరాదు. మొండితనం మన అభిప్రాయం, కంటికి కనపడదు. ‘పలక ఇచ్చిన వెంటనే కుడి మణికట్టు పళ్లతో నొక్కి పట్టాడు, గాటు పడింది’ అన్నది రాత. ఇద్దరు మనుషులు వేర్వేరుగా చూసినా ఒకే లెక్క వేయగలిగేలా ఉండాలన్నది దాని నియమం. చాలామందికి అన్నిటికంటే కష్టమయ్యేది నాలుగో గడి. బిడ్డ చేసింది రాయడం సులువు, మనం చేసింది ఉన్నదున్నట్టు రాసుకోవడం ఇబ్బంది. చదువు రాని నాయనమ్మ కూడా ఇందులో పాల్గొనవచ్చు. ఒక డబ్బాలో చింతగింజలు పోసి పక్కన ఖాళీ డబ్బా పెట్టి, తల కొట్టుకున్న ప్రతిసారీ ఒక గింజ అందులోంచి ఇందులోకి వేయమంటే, పొద్దుగుంకేసరికి ఆ రోజు లెక్క డబ్బాలో ఉంటుంది. వారం తరువాత గింజలు ఏ పూట ఎక్కువ పడుతున్నాయో ఆమెకే తెలిసిపోతుంది. ఇంట్లో వంట వేళో, కరెంటు పోయినప్పుడో, తండ్రి తాగి వచ్చిన రాత్రో ఎక్కువగా పడుతున్నట్టు తేలితే ఆ సంగతి చికిత్స గదిలో ఏ పరీక్షకూ దొరికేది కాదు.

కారణం తెలిశాక చేసే పని రెండు వైపుల నుంచి సాగుతుంది. మొదటిది పరిస్థితిని మార్చడం: కుక్కర్ విజిల్‌కు చెవులు మూసుకుని అరిచే బిడ్డను ఆ పది నిమిషాలు పెరట్లోకి పంపడం, తరువాత జరగబోయేదాన్ని బొమ్మలతో ముందే చూపడం, పెద్ద పనిని చిన్న ముక్కలు చేయడం. రెండవది, ఆ చేష్ట ఏ పని సాధించిపెడుతోందో అదే పని సాధించే మంచి మార్గాన్ని నేర్పడం. 1985లో ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యూరాండ్ కొద్దిమంది పిల్లలతో చేసిన అధ్యయనం దీనికి పునాది. పని కష్టమై అల్లరి చేస్తున్న పిల్లలకు సాయం అడిగే మాట, మెప్పు కోసం అల్లరి చేస్తున్న పిల్లలకు మెప్పు అడిగే మాట నేర్పినప్పుడు అల్లరి తగ్గింది. అవసరానికి సరిపోని మాట నేర్పినప్పుడు తగ్గలేదు. మాట రాకపోతే సైగ, సైగ కుదరకపోతే బొమ్మ కార్డు. కొత్త మార్గం పాతదానికంటే తేలికగా, తొందరగా ఫలితం ఇచ్చినప్పుడే బిడ్డ దాన్ని ఎంచుకుంటాడు. బిడ్డ కార్డు చూపిన మొదటి పది రోజులు, వీలున్నా లేకున్నా, ప్రతిసారీ జవాబివ్వాలన్న షరతు అందుకే.

ఒక చేష్ట వెంట వచ్చిన ఫలితం వల్ల అది మళ్లీ మళ్లీ జరగడాన్ని బి.ఇడి. పుస్తకాలు పునర్బలనం అంటాయి. ఆ ఫలితాన్ని ఆపేస్తే చేష్ట తగ్గుతుంది గానీ వెంటనే కాదు, మొదట పెరగవచ్చు కూడా. ఫోన్ కోసం అరిచే బిడ్డకు ఫోన్ ఇవ్వడం ఆపేస్తే మొదటి రెండు మూడు రోజులు అరుపు పెరగవచ్చు, విసరడం, గిల్లడం తోడు కావచ్చు. ఈ సంగతి ముందుగా చెప్పకపోవడం వల్లనే ‘పట్టించుకోవద్దు’ అన్న సలహా ఇళ్లలో ఓడిపోతుంది. మూడో రోజు ఇరుగుపొరుగు తలుపు తట్టేసరికి తల్లి ఫోన్ ఇచ్చేస్తుంది. ఆరుసార్లు అరిచినా ఇవ్వని ఫోన్ ఏడోసారి దొరికితే బిడ్డ నేర్చుకునేది ఏడుసార్లు అరవాలని. సలహా ఇచ్చినవారు అప్పుడు తల్లికి ఓపిక లేదంటారు. ఓపిక లేకపోవడం కాదు, పాఠం సగంలో ఆగిపోవడం అది. తనను తాను గాయపరచుకునే బిడ్డ విషయంలోనైతే ఈ సలహాను నిపుణుల పర్యవేక్షణ లేకుండా ఇవ్వనేకూడదు.

ఈ విద్య మనకు దిగుమతి సరుకు కాదని గుర్తు చేయడం అవసరం. 1984లో సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్‌లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఏర్పడింది. తరువాత దాని పేరు జాతీయ మేధో వైకల్య సాధికారత సంస్థగా మారింది. రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ అక్కడే భారతీయ పిల్లల కోసం రూపొందించిన ప్రవర్తన అంచనా మాపనాలు 1992లో వెలువడ్డాయి. మొదటి భాగంలో బిడ్డకు వచ్చిన నైపుణ్యాలను కొలిచే 280 అంశాలు, రెండో భాగంలో హింసాత్మక చేష్టలు, స్వీయ గాయాలు, అతిచురుకుదనం, భయాలు వంటి పది విభాగాల్లో 75 సమస్యాత్మక ప్రవర్తనలు ఉన్నాయి. ఒక్కో ప్రవర్తనకు ఎప్పుడూ లేకపోతే సున్నా, అప్పుడప్పుడైతే ఒకటి, తరచుగా అయితే రెండు వేస్తారు. నైపుణ్యాలకు మొదటి స్థానం, సమస్యలకు రెండో స్థానం ఇచ్చిన ఆ వరుసలోనే ఒక వివేకం ఉంది: బిడ్డకు ఏం రాదో తెలియకుండా ఏం చేస్తున్నాడో అర్థం కాదు. మాపనం ‘ఎంత’ అని చెబుతుంది, నాలుగు గళ్ల పేజీ ‘ఎందుకు’ అని చెబుతుంది, రెండూ కావాలి. హైదరాబాద్ నగరపు అంచునే పుట్టిన ఈ పరిజ్ఞానం ఇన్నేళ్లలో ప్రత్యేక విద్య చదివిన టీచర్ల దాకా వెళ్లింది గానీ మండలంలోని తల్లిదాకా దిగలేదు.

తల్లులకు నేర్పితే పనిచేస్తుందా అన్న సందేహం శాఖలకు ఉండవచ్చు, ఉండాలి కూడా. 2015లో అమెరికాలో కరెన్ బేర్స్ బృందం ఆటిజం, తీవ్రమైన ప్రవర్తన సమస్యలు ఉన్న 3 నుంచి 7 ఏళ్ల పిల్లలు 180 మందిని తీసుకుని, సగం మంది తల్లిదండ్రులకు ఆటిజం గురించిన సమాచారం మాత్రమే, మిగతా సగానికి ప్రవర్తనను నడిపించే పద్ధతులు 24 వారాలపాటు నేర్పింది. తల్లిదండ్రులు ఇచ్చిన అంచనాల ప్రకారం చిరాకు, కోపం మొదటి వర్గంలో సుమారు 32 శాతం తగ్గితే, రెండో వర్గంలో దాదాపు 48 శాతం తగ్గాయి. చెప్పడానికీ నేర్పడానికీ మధ్య ఉన్న దూరం ఆ అంకెల మధ్య ఉంది. మన పరిస్థితులకు దగ్గరైన ఉదాహరణ కావాలంటే గోవా, రావల్పిండిలలో 65 మంది ఆటిస్టిక్ పిల్లల కుటుంబాలతో జరిగి 2016లో ప్రచురితమైన ప్రయోగం ఉంది. అక్కడ నేర్పినవారు వైద్యులో మనస్తత్వ నిపుణులో కారు, తర్ఫీదు పొందిన సాధారణ ఆరోగ్య కార్యకర్తలు. బిడ్డ సంకేతాలకు తల్లిదండ్రులు స్పందించే తీరు, బిడ్డ తానుగా సంభాషణకు దిగే తీరు మెరుగుపడ్డాయి. ఆటిజం పోయిందని ఎవరూ చెప్పలేదు, చెప్పకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2 నుంచి 9 ఏళ్ల పిల్లల సంరక్షకుల కోసం తయారుచేసిన శిక్షణ కూడా నిపుణులు కానివారు నడపగలిగేదే: తొమ్మిది సామూహిక తరగతులు, మూడు ఇంటి సందర్శనలు. బిడ్డతో కలిసి ఆడటం, మాట, రోజువారీ పనులు, ప్రవర్తనతోపాటు సంరక్షకుల సొంత ఆరోగ్యాన్నీ అందులో పాఠంగా పెట్టారు. ఇంటి సందర్శన లేని శిక్షణను శిక్షణ అనడం కష్టం. కొలత టేపు చూపించి కుట్టుపని వచ్చిందనడం లాంటిది.

అయితే ఈ శాస్త్రానికి మచ్చలేని గతం ఉందని ఎవరూ భ్రమపడకూడదు. 1960లలో అమెరికాలో ఈవార్ లోవాస్ వంటివారు పిల్లల స్వీయ గాయాలను ఆపడానికి విద్యుత్ షాకులు వాడారు. ఆటిస్టిక్ పిల్లలుగా అటువంటి చికిత్సల్లోంచి ఎదిగిన పెద్దలు నేడు గట్టిగా అడుగుతున్న ప్రశ్న న్యాయమైనది: చేతులు ఆడించడం, గుండ్రంగా తిరగడం, ఒకే మాట పదిసార్లు అనడం ఎవరికీ హాని చేయనప్పుడు వాటిని ఎందుకు ఆపాలి? పదిమందిలో తలవంపులని తల్లిదండ్రులు బాధపడవచ్చు, ఆ బాధ నిజమే కావచ్చు, దాని కోసం బిడ్డకు ఊరటనిచ్చే చేష్టను లాగేసుకోవడం తగదు. ప్రవర్తన అంచనా నేర్పేవారు ఏది మార్చాలో ఎంత శ్రద్ధగా నేర్పుతారో, ఏది వదిలేయాలో అంతే శ్రద్ధగా నేర్పాలి. కొట్టడం, గదిలో బంధించడం, అన్నం పెట్టకపోవడం, కాలికి తాడు కట్టడం నిర్వహణ పద్ధతులు కావు. బడిలో శారీరక దండనను విద్యా హక్కు చట్టం 2009లోనే నిషేధించింది.

చట్టం విషయానికి వస్తే కొత్తగా అడగవలసింది పెద్దగా ఏమీ లేదు. 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 47వ సెక్షన్‌లో, ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తల శిక్షణలో వైకల్యం ఒక పాఠ్యాంశంగా ఉండాలని, సంరక్షణ గురించి కుటుంబాలకు, సమాజానికి సామర్థ్య శిక్షణ ఇవ్వాలని ఉంది. 24వ సెక్షన్ ఎక్కువ సహాయం అవసరమైన వారికి సంరక్షకుల భత్యం గురించి ప్రస్తావిస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2023 నవంబర్‌లో దివ్యాంగ బాలల కోసం అంగన్‌వాడీ ప్రోటోకాల్ విడుదల చేసింది. జిల్లాల్లో సత్వర చికిత్సా కేంద్రాలు, మండలాల్లో దివ్యాంగ బాలల కోసం భవిత కేంద్రాలు, వాటిలో ఏళ్ల తరబడి ఒప్పంద వేతనాలపై నెట్టుకొస్తున్న ప్రత్యేక విద్యా టీచర్లు ఉన్నారు. మనుషులు ఉన్నారు, భవనాలు ఉన్నాయి, చట్టం ఉంది. తల్లికి నేర్పడం వారి పనిగంటల్లో భాగమని రాసిన ఉత్తర్వు కావాలి.

ఆ ఉత్తర్వు ఎలా ఉండకూడదో ముందు చెప్పుకోవాలి. మండల కేంద్రంలో ఒకరోజు సదస్సు, వేదిక మీద బ్యానరు, మధ్యాహ్నం పులిహోర పొట్లం, సాయంత్రానికి హాజరు పట్టీలో రెండు వందల సంతకాలు, నెలాఖరుకు ‘శిక్షణ పొందినవారు’ అన్న గడిలో ఒక అంకె అన్న పద్ధతిలో అయితే దీనికి పెట్టే డబ్బు మరో పనికి వాడుకోవడం మేలు. ఆరు నుంచి ఎనిమిది కుటుంబాలకు మించని బృందం, వారానికో పదిహేను రోజులకో ఒక తరగతి, తరగతిలో చూసినదాన్ని తల్లి బిడ్డతో చేసి చూపడం, ఆ తరువాత టీచరు ఆ ఇంటి గడప దాకా వెళ్లి చూడటం, ఇదే కనీసం. తరగతికి వచ్చే తల్లికి ఉపాధి హామీ పనో, మిరప కోతో, బీడీల లెక్కో పోతుంది గనుక ఆ రోజు కూలీ ప్రభుత్వమే ఇవ్వాలి. దాన్ని భిక్షగా కాక ఆమె నేర్చుకుంటున్న పనికి వేతనంగా చూడాలి. తండ్రుల కోసం ఒక తరగతి రాత్రి పెట్టాలి, ఎందుకంటే తల్లి నేర్చుకున్న పాఠాన్ని ఇంట్లో చెడగొట్టేది ఎక్కువగా నేర్చుకోని మిగతా పెద్దలు. పాఠ్య సామగ్రి తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర ఇళ్లలో పలికే మాటల్లో ఉండాలి. గోండి, కోయ, సవర మాట్లాడే ఇళ్లకు అచ్చు పుస్తకంకంటే ఆ భాష వచ్చిన కార్యకర్త ముఖ్యం.

నేర్పేవారికి నేర్పేవారు ఎవరన్న ప్రశ్నను దాటవేయలేం. భవిత కేంద్రం టీచరు తనకు తెగని కేసును నెలకోసారైనా ఎవరి ముందైనా పెట్టగలగాలి. ప్రతి జిల్లాకు ఒక క్లినికల్ సైకాలజిస్టునో పునరావాస మనస్తత్వ నిపుణుణ్నో ఆ బాధ్యతతో నియమించి, స్వీయ గాయాలు, మూర్ఛ, మందులు ముడిపడిన బిడ్డలను ఆ నిపుణుల దగ్గరికి పంపే దారిని కాగితం మీద స్పష్టంగా రాయాలి. లెక్క విషయంలో శాఖలు తమ అలవాటు మార్చుకోవాలి: ఎంతమంది హాజరయ్యారన్నది కాదు, మూడు నెలల తరువాత ఎన్ని ఇళ్లలో నోటుబుక్కు ఇంకా నడుస్తోంది, ఎన్ని ఇళ్లలో చింతగింజల లెక్క తగ్గింది, ఎంతమంది పిల్లలు అరుపుకు బదులు కార్డు చూపుతున్నారు అన్నది అడగాలి. తగ్గకపోయిన ఇళ్లను తప్పులుగా కాక, పద్ధతి మార్చవలసిన చోట్లుగా నమోదు చేయాలి. లేకపోతే టీచర్లు అంకెలు వండుతారు.

ఒక్క విన్నపంతో ఈ లేఖ ముగుస్తుంది. రెండు రాష్ట్రాల్లో చెరో జిల్లాను ఎంచుకుని, అక్కడ సదరం ధ్రువపత్రం ఇచ్చే రోజునే వికాస వైకల్యం ఉన్న ప్రతి బిడ్డ సంరక్షకుల చేతికి నాలుగు గళ్ల నోటుబుక్కు కూడా ఇచ్చి, అట్ట మీద భవిత కేంద్రం టీచరు పేరు, ఆ ఇంటికి మొదటిసారి వచ్చే తేదీ రాసి ఇచ్చేలా వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోపు ఉత్తర్వులు జారీ చేయవలసిందిగా మంత్రివర్యులను కోరడమైనది.